పళ్ల వెనక తీగ

జూన్ 16, ఆదివారం

చర్చిలో ఆరాధన అయ్యాక నంద్యాల వాళ్లు మా ఆళ్లగడ్డకు నన్ను చూడడానికి వచ్చారు. అబ్బాయి పేరు ఎడ్విన్. పళ్ల డాక్టర్లకు కావలసిన సామాన్లు అమ్మే కంపెనీలో పని చేస్తాడు. తండ్రి లేడు. తల్లి ప్రమీల గారు నర్సుగా రిటైరయ్యారు. ఆమె ఎక్కువ మాట్లాడలేదు. అమ్మ కుట్టిపెట్టిన జాకెట్లను తిప్పి చూసి, "కుట్టు బాగుండాది వదినా" అన్నారు.

అతను మాత్రం నా నోటి వైపే చూశాడు.

ఇంతకు ముందు చూసిపోయిన ఇద్దరూ నేను నవ్వగానే చూపు తిప్పుకున్నారు. తప్పు వాళ్లది కాదు. కోరపన్ను చిగురు మీదికెక్కి కూర్చుంది. ముందు పన్ను ఒకటి, ఓరగా తీసిన తలుపులా పక్కకు తిరిగింది. ఇతను చూపు తిప్పుకోలేదు. నేను నవ్వినప్పుడు కాస్త ముందుకు వంగి మరీ చూశాడు. నాకు చెమట పట్టింది. కానీ బాగుంది.

"పన్ను మీద పన్నుంటే అదృష్టమని నేను చెప్తానే ఉండా" అంది అమ్మ వాళ్లు వెళ్లాక.

నాయన కాలువకు నీళ్లు వదిలే లస్కరు. తూము దగ్గర నిలబడి నీళ్లను చూసినట్టే మనుషుల్నీ మాట్లాడకుండా చూస్తాడు. "ఆ పిల్లోడు ఏందో లెక్కేసుకుంటాండాడు" అన్నాడు. అమ్మ కసిరింది.

జూన్ 23, ఆదివారం

ఒప్పుకున్నారు. క్రిస్మస్ అయ్యాక జనవరిలో పెళ్లి.

నాయన మళ్లీ అదే మాట అన్నాడు. నేను వినిపించుకోలేదు.

జులై 5, శుక్రవారం

ఎడ్విన్ ఫోన్ చేశాడు. నేను పాఠాలు చెప్పే స్కూలు ఎట్లా ఉంది, పిల్లలు ఎట్లా ఉన్నారు అని అడిగి, మధ్యలో ఉన్నట్టుండి:

"రెబెకా, నీ పండ్లకు క్లిప్పులు వేపిద్దామా?"

"ఈ వయసులో క్లిప్పులేందండీ? స్కూల్లో పిల్లలు నవ్వుతారు."

"బయటికి కాదు. పండ్ల వెనకాల, నాలుక వైపు వేస్తారు. నువ్వు చెప్తే తప్ప ఎవురికీ తెలీదు. నా ఫ్రెండ్ డాక్టర్ అజయ్ కుమార్ నంద్యాలలోనే ఉండాడు. మనం దుడ్లు కట్టే పని కూడా లేదు."

"ఎందుకు లేదు?"

"ఫ్రెండ్ అని చెప్తి గదా."

తర్వాత ఇంకో మాట: "మా అమ్మకు చెప్పొద్దు. పెండ్లి నాటికి ఆయమ్మ చూసి ఆశ్చర్యపోవాల."

ఫోన్ పెట్టేశాక అద్దం ముందు నిలబడ్డాను. నచ్చి అడిగాడా, నచ్చక అడిగాడా? నచ్చకపోతే వేరే పిల్లను చూసుకునేవాడు కదా. నచ్చబట్టే.

అతను మంచివాడు. ఎవరికి ఉంటుంది ఇంత శ్రద్ధ?

జులై 14, ఆదివారం

ఆరాధన మానుకుని అమ్మా నేనూ నంద్యాల పోయాం. డాక్టర్ అజయ్ కుమార్ చిన్నవాడే. మాట మెత్తన. చల్లటి ముద్దలాంటిదేదో పళ్లకు అదిమిపెట్టి అచ్చు తీసుకున్నాడు. ఆ అచ్చును బట్టి ఒక్కో పంటికి ఒక్కో క్లిప్పు తయారై వస్తుందట, ఒకరిది ఇంకొకరికి సరిపోదట. పెదవులను ప్లాస్టిక్ కొక్కేలతో వెనక్కి లాగి, నోట్లో చిన్న అద్దం పెట్టి ఫోటోలు తీశారు. చాలా తీశారు. ఎడ్విన్ పక్కన నిలబడి లైటు సర్దాడు.

"ఇన్ని ఫోటోలు ఎందుకు?" అని అమ్మ అడిగింది.

"వైద్యానికే అత్తా" అన్నాడు ఎడ్విన్. డాక్టర్ గ్లౌజులు విప్పుకుంటున్నాడు.

వైద్యానికే అయి ఉంటుంది. నాకు అనుమానమేమీ లేదు.

ఆగస్టు 18, ఆదివారం

వేశారు. మళ్లీ ఫోటోలు తీశారు. చాలాసేపు పట్టింది. దవడలు ఇంకా నొప్పే.

ఎట్లా ఉందో రాయాలంటే, నోట్లో ఎవరో ముళ్ల కంచె నాటినట్టుంది. నాలుకకు ఇంతకాలం ఒక ఇల్లుండేది. ఇప్పుడు ఏ గోడకు ఆనుకున్నా గీరుకుంటోంది. తీగ కొస ఒకటి ఎడమ పక్క గుచ్చుతోంది. దాని మీద పెట్టుకోమని మైనం ముక్కలు ఇచ్చారు.

బస్సులో అమ్మ ఏదో అడిగితే "సరే" అన్నాను. "థరే" అని వచ్చింది. అమ్మ చటుక్కున నా వైపు చూసింది.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. ఏమీ కనపడడం లేదు. ఎంత నవ్వినా, పెదవులు ఎంత సాగదీసినా నిన్నటి పళ్లే. లోపల ఇంత జరుగుతుంటే బయట ఏమీ లేదు. అతను చెప్పింది నిజమే.

ఆగస్టు 20, మంగళవారం

ఒకటో తరగతి. సింహం పాఠం.

"థింహం" అన్నాను.

పిల్లలంతా హుషారుగా "థింహం" అన్నారు. మళ్లీ చెప్పాను. మళ్లీ థింహమే. మూడోసారి నేను చెప్పకముందే వాళ్లే "థింహం, థింహం" అని పాటగా అందుకున్నారు. ఒక్కరూ వెక్కిరించలేదు. టీచరు ఎట్లా చెబితే అట్లా పలకాలని నేర్పింది నేనే కదా.

రెండో తరగతి టీచరు సాయి ప్రియ కిటికీలోంచి చూస్తోంది. భోజనాలప్పుడు వచ్చి, "మేడమ్, నాలుకకు ఏమన్నా అయిందా? మా మామకు పక్షవాతం వచ్చినప్పుడు మొదట మాటే తిరగలేదు" అంది. లేదన్నాను. ఆమె నమ్మలేదు. నా చేయి పైకెత్తమంది. ఎత్తాను.

ఆగస్టు 23, శుక్రవారం

నాలుక అంచంతా పుండ్లు. సంగటి, చారు. వేరే ఏదీ పోవడం లేదు. అమ్మ జొన్నరొట్టెను పాలలో నానబెట్టి ఇచ్చింది. పసిపిల్లకు పెట్టినట్టు.

ఆగస్టు 25, ఆదివారం

గాయకబృందంలో నిలబడలేదు. వెనక బల్ల మీద కూర్చున్నాను. "స్తోత్రం" అన్న మాట లేకుండా ఏ పాట ఉంటుంది?

ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, "ఇంట్లో ఏమన్నా ఇబ్బందా తల్లీ? ఈ పెండ్లి నీకు ఇష్టమేనా?" అని మెల్లగా అడిగారు. ఇష్టమే అని తల ఊపాను. నోరు తెరిచి చెబితే నమ్మేవారేమో.

సెప్టెంబరు 10, మంగళవారం

ఎడ్విన్ రోజూ సాయంత్రం వీడియో కాల్ చేస్తాడు. నేను తల దువ్వుకుని కూర్చుంటాను.

"నోరు తెరువు. ఇంకొంచెం. లైటు కింది నుంచి పెట్టు."

తెరుస్తాను. అతను చూస్తాడు. తర్వాత ప్రశ్నలు: పుండ్లు ఎప్పుడు తగ్గినాయి? మాట ఎప్పటి నుంచి తిరుగుతాండాది? బ్రష్ ఎంతసేపు పడతాండాది? తినేటప్పుడు ఏ పక్క ఇరుక్కుంటాండాది?

నేను చెప్పేది రాసుకుంటున్నట్టు చూపు కిందికి దించుతాడు. ఈ రోజు అడిగాను.

"రాసుకుంటున్నారా?"

"లేదే" అన్నాడు. "నీ గురించి నాకు గుర్తుంటాది."

ఇంత ఓపికగా ఎవరడుగుతారు? సాయి ప్రియ మొగుడు ఆమెకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా ఇన్ని మాటలు అడగలేదట.

కానీ నా చీర బాగుందని ఒక్క రోజూ అనలేదు. కొత్తది కట్టుకున్నాను ఈ రోజు.

సెప్టెంబరు 22, ఆదివారం

తీగ మార్పించుకోవడానికి నంద్యాల పోయాను. అమ్మకు కుట్టుపని ఉండి రాలేదు. నేను క్లినిక్ మెట్లు ఎక్కుతుంటే లోపల పేర్లు రాసుకునే అమ్మాయి ఫోన్లో ఎవరితోనో అంటోంది: "సార్‌కు చెప్పు, ఎడ్విన్ సార్ కేసు వచ్చిందని."

నన్ను చూసి, "రండి మేడమ్" అంది.

కేసు.

డాక్టర్లు అందరినీ అట్లాగే అంటారు. ప్రసవానికి పోయినవాళ్లను కూడా కేసనే అంటారు. కానీ నేను డాక్టర్ గారి కేసు కావాలి కదా. ఎడ్విన్ కేసు ఎట్లా అయ్యాను?

సాయంత్రం అడిగితే ఎడ్విన్ నవ్వాడు. "నేను పంపించినా గదా, అందుకే అట్లన్నాది. ప్రతిదానికీ అనుమానపడతావేంది నువ్వు?"

నిజమే. ప్రతిదానికీ అనుమానం మంచిది కాదు.

సెప్టెంబరు 29, ఆదివారం

ప్రమీల గారు చెప్పకుండా వచ్చారు. అహోబిలం దగ్గర ఎవరో చుట్టాలను చూసి తిరిగి వెళ్తూ దిగారట. నేను వీలైనంత తక్కువ మాట్లాడాను. అయినా "కూర్చోండి అత్తయ్యా" అనక తప్పదు. నాలుక తడబడింది. ఆమె కళ్లు నా నోటి మీద ఆగాయి. కొడుకు చూపు వంటిది కాదు ఆ చూపు. నర్సు చూపు.

"చిన్నప్పటి నుంచి ఇట్లేనా తల్లీ మాట?"

అమ్మ నా వైపు చూసింది. నేను వద్దని కళ్లతో చెప్పాను. ఎడ్విన్ చెప్పొద్దని కదా అన్నాడు.

"జలుబు" అన్నాను.

ప్రమీల గారు కాఫీ సగం వదిలేసి లేచారు. గడప దాటుతూ అమ్మతో, "వదినా, ఏదన్నా ఉంటే ముందే చెప్పుకోవడం మంచిది" అన్నారు.

ఆమె పోయాక అమ్మ నా మీద పడింది. "ఆయమ్మ నీకు నత్తి అనుకుంటాండాది. నిజం చెప్తే ఏం పోతాది? సొంత తల్లి దగ్గర దాపరికం ఏందీ వానికి?"

"పెండ్లికి ఆశ్చర్యపోవాలంట."

"ఆశ్చర్యం కాదు, ఏందో ఉండాది." మిషను దగ్గరికి పోయి తొక్కడం మొదలుపెట్టింది. గుడ్డ పెట్టకుండానే.

సెప్టెంబరు 30, సోమవారం

ఎడ్విన్‌ను బతిమాలాను. మీ అమ్మకు చెప్పండి అని. "చెప్తా, చెప్తా, బేగా చెప్తా" అన్నాడు. తర్వాత నోరు తెరవమన్నాడు.

తెరిచాను.

అక్టోబరు 13, ఆదివారం

ముందు పన్ను తిరిగింది!

నా ఊహ కాదు. నాలుక బయటి వైపు పెట్టి తడిమితే తెలుస్తోంది. అంచు ఇదివరకు పెదవికి తగిలేది, ఇప్పుడు తగలడం లేదు. అమ్మ కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఎండలో చూసింది. నాయన కూడా చూశాడు. "నీళ్లు మళ్లించినట్టు మళ్లించినాడే" అని ఒప్పుకున్నాడు.

మాట కూడా తిరుగుతోంది. నిదానంగా చెబితే "స" దాదాపు వస్తుంది. కోపం వస్తేనే పట్టు తప్పుతుంది. పిల్లలకు మాత్రం ఇంకా రాలేదు. వాళ్లకు సింహం థింహమే.

సాయి ప్రియ కూతురి పుట్టినరోజు ఫోటోలో పెదవులు మూసుకోకుండా నవ్వాను. ఆ ఫోటోను ఎడ్విన్‌కూ పంపాను. ఎన్నిసార్లు చూసుకున్నానో.

ఇంత మేలు చేసినవాడిని అనుమానించాను. సిగ్గుపడాలి.

అక్టోబరు 20, ఆదివారం

పెళ్లి చీరకని అమ్మా నేనూ నంద్యాల బస్సెక్కాం. శిరివెళ్ల దాటేదాకా అమ్మ ఏ రంగు, ఏ అంచు అని మాట్లాడుతూనే ఉంది. ఊళ్లోకి రాగానే బస్సు ట్రాఫిక్‌లో ఆగింది.

కుడి పక్క మేడ మీద కొత్త ఫ్లెక్సీ. పెద్ద నోరు. మనిషి కంటే పెద్దది. కొక్కేలతో పెదవులు వెనక్కి లాగి, చిగుళ్లన్నీ బయటపడి, వంకర పళ్లు. పక్కన అదే నోరు లోపలి నుంచి, తీగలతో. ఆ పక్కన నవ్వుతున్న పెదవులు. ఛీ, ఎంత వికారంగా ఉంది, ఎవరిదో పాపం ఇట్లా రోడ్డున పెట్టారు అనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"రెబెకా. అది నీ నోరు గదమ్మే."

పై పెదవి పక్కన నా పుట్టుమచ్చ. కింద అక్షరాలు అప్పుడు చదివాను. "కనిపించని క్లిప్పులు! రెండు నెలల్లోనే ఆళ్లగడ్డ టీచరమ్మ నవ్వు మారింది. మరి మీది?"

దిగాం. దాని కిందికి పోయి నిలబడ్డాం. ఎందుకు నిలబడ్డామో తెలియదు. సోడా బండి దగ్గరున్నవాళ్లు పైకి చూసి, మమ్మల్ని చూసి, మళ్లీ పైకి చూశారు. అమ్మ తన కొంగు తీసి నా నోటికి అడ్డం పెట్టింది. పైన ఉన్నదానికి అడ్డం పెట్టలేక.

చీర కొనలేదు. క్లినిక్‌కు పోయాం. డాక్టర్ అజయ్ కుమార్ మమ్మల్ని చూసి సంతోషంగానే లేచాడు.

"చూశారా బోర్డు? చాలామంది అడుగుతున్నారమ్మా."

"ఎవరినడిగి పెట్టినారు?" అంది అమ్మ.

అతని మొహం మారింది. "ఎడ్విన్ ఒప్పుకున్నాడు కదా. వాళ్ల కంపెనీకి ఈ వైపు ఇదే మొదటి కేసు. క్లిప్పులు కూడా వాళ్లే ఇచ్చారు. ఆమెకు చెప్పానని, ఆమె కూడా సరే అందని నాతో అన్నాడే."

నేను అడగాలనుకున్నది ఒకే మాట. "నా నోరు ఎడ్విన్‌దా సార్?" అని. కోపంలో నాలుక తీగలకు కొట్టుకుంది. ఏదో ముద్దగా వచ్చింది. డాక్టర్ ముందుకు వంగి, "ఏమన్నారమ్మా?" అన్నాడు.

మళ్లీ చెప్పాను. మళ్లీ అర్థం కాలేదు. మూడోసారి అమ్మ చెప్పింది నా బదులు.

అక్టోబరు 21, సోమవారం

స్కూల్లో అందరికీ తెలుసు. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

సాయంత్రం ఎడ్విన్ వచ్చాడు. బైకు వెనక చుట్టగా కట్టిన ఫ్లెక్సీ.

"పీకేసినా" అన్నాడు లోపలికి వస్తూనే. "ఇంగ అయిపోయింది గదా. మొహం యాడుంది దాంట్లో? పేరు యాడుంది? ఎవురు గుర్తుపడతారు?"

"మా అమ్మ గుర్తుపట్టింది."

"అత్త సంగతి వేరే."

ఇంతకాలం అతన్ని మీరు అనేదాన్ని. ఈ రోజు ఆ మాట రాలేదు. "నువ్వు నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే వద్దంటావని. చూడు రెబెకా, అబద్ధం చెప్పను. కొత్త సరుకు. ఎవురూ ముందుకు రాలేదు. ఒక్క కేసు చూపిస్తే ఈ పక్కంతా నాదే. నీకూ మేలు జరిగింది గదా? పన్ను తిరగలేదా? బయట ఎవురికన్నా తెలిసిందా?"

తిరిగింది. అది కూడా నిజమే. అదే నాకు ఏడుపు తెప్పించింది.

"మీ అమ్మకు ఎందుకు చెప్పొద్దన్నావు?"

నేల వైపు చూశాడు. "ఆయమ్మ ఒప్పుకోదు. పిల్లను చూసే కాడ కూడా వ్యాపారమేనా అంటాది."

అప్పటిదాకా మూల కూర్చున్న నాయన తల ఎత్తాడు. నేను అడగాల్సింది ఇంకొకటి ఉంది. జూన్ నుంచి ఉంది.

"మా ఇంటికి వచ్చిన రోజు, నన్ను చూసినావా, నా పండ్లు చూసినావా?"

"పండ్లే" అన్నాడు. దాచలేదు. "చూస్తానే అజయ్ గుర్తొచ్చినాడు. ఇట్లాంటిదే కావాలని అడుగుతాండె. తర్వాత నువ్వు నచ్చినావు. ఒట్టు."

"తర్వాతంటే ఎప్పుడు?"

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, కళ్లు చిట్లించి, మనిషి ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువు కోసం వెతుకుతున్నట్టు. నేను ఎదురుచూశాను. ఏదో ఒక రోజు చెబుతాడని. ఏ రోజు చెప్పినా నమ్మేదాన్ని. ఆ పుట్టినరోజు ఫోటో పంపిన రోజు అన్నా చాలు.

చెప్పలేకపోయాడు.

నాయన లేచి ఫ్లెక్సీ చుట్ట తీసి అతని చేతిలో పెట్టాడు. "ఇది ఈడ ఉంచొద్దప్పా. నీతోనే తీస్కపో."

అక్టోబరు 26, శనివారం

పెళ్లి లేదని అయ్యగారికి నాయన చెప్పి వచ్చాడు.

అక్టోబరు 27, ఆదివారం

ప్రమీల గారు ఫోన్ చేశారు. వాళ్ల అబ్బాయి తరఫున మాట్లాడతారేమో అనుకుని నోరు బిగించుకుని కూర్చున్నాను.

"నాకు నిన్ననే తెలిసింది తల్లీ" అన్నారు. "నేను నీకు నత్తి అనుకున్నా. ఇంటికొచ్చి మోకాళ్ల మీద ప్రార్థన చేసుకున్నా. నత్తి అయితే ఏమిలే, పిల్ల మంచిది, చేసుకుందాం అనుకున్నా. వాణ్ని నేనే కన్నా. నేనేం చెప్పేది?"

ఇంతమందిలో నన్ను నోటితో సహా ఒప్పుకున్న మనిషి ఆమె ఒక్కతే. ఆమె కోడలిని కాలేకపోయినందుకు ఏడ్చాను. ఎడ్విన్ కోసం కాదు.

ఎడ్విన్ కోసం కాదు.

నవంబరు 9, శనివారం

తీగ మార్పించుకునే రోజు దాటిపోయింది. క్లినిక్ నుంచి ఫోన్లు. బోర్డు సంగతి మరిచిపొమ్మంటున్నాడు డాక్టర్, వైద్యం మధ్యలో ఆపితే పళ్లు ఎటుపడితే అటు పోతాయంటున్నాడు. నిజమో, మళ్లీ రప్పించుకోవడానికో.

ఇదీ నా పరిస్థితి. మనిషిని వదిలించుకున్నాను, తీగను వదిలించుకోలేను. అది నా పళ్ల వెనకే ఉంది. అన్నం తిన్నప్పుడల్లా, మాట్లాడినప్పుడల్లా గుర్తుచేస్తుంది. పగలు పీకి పారేయాలనిపిస్తుంది. రాత్రి పళ్లు తోముకుంటూ చూసుకుంటే, తిరిగిన పన్ను ఎంత ముచ్చటగా ఉందో.

నవంబరు 16, శనివారం

కడప పోయాం, పెద్ద పళ్ల ఆస్పత్రికి. నాయన కూడా వచ్చాడు. లేడీ డాక్టర్ చూసింది. లోపల వేసిన పని చెడ్డది కాదంది. అట్లా అంటుందని అనుకోలేదు. చెడ్డదని చెబితే సుఖంగా ఉండేది.

"ఆపితే పళ్లు కదులుతాయన్నది నిజమేనా?" అని అడిగాను.

"నిజమేనమ్మా."

నా ముందు రెండు దారులు పెట్టింది. లోపలివే కొనసాగాలంటే అక్కడి అచ్చులు, లెక్కలు ఇక్కడికి రావాలి, లేదంటే అంతా మొదటి నుంచి. కాదంటే లోపలివి తీసేసి మామూలువి బయట వేసుకోవచ్చు. "బయటివి తోముకోవడం సులువు, మాట సరిగ్గా ఉంటుంది. పెదవి లోపల కొన్నాళ్లు ఒరుసుకుంటుంది. కానీ అందరికీ కనపడతాయి. మీరు టీచరు, పెళ్లి కావలసినవారు. ఆలోచించుకోండి."

సహాయకురాలు కెమెరా తెచ్చింది. నేను నోరు గట్టిగా మూసేశాను.

"కేసు షీటులోకి" అంది డాక్టర్.

"ఎవరు చూస్తారు? యాడ పెడతారు? బయటికి పోదని ఏం నమ్మకం?" అరిచినట్టే అడిగాను. క్యూలో ఉన్నవాళ్లు తొంగి చూశారు. డాక్టర్‌కు కోపం రాలేదు. కెమెరా నా చేతికిచ్చింది. "మీరే పట్టుకోండి. తీసినాక మీరే చూడండి. వద్దంటే మీ చేతులతోనే తుడిచేయండి."

చూశాను. వికారంగా లేదు. నోరు, అంతే. ఒకటి ఉంచి మిగతావి తుడిచేశాను.

నవంబరు 17, ఆదివారం

అమ్మ లోపలివే ఉంచుకొమ్మంటుంది. బయట వేసుకుంటే చూడ్డానికొచ్చే వాళ్లు భయపడతారట.

"వాళ్లకు కనపడకుండా ఉంటే నాకేం మేలు జరిగింది?" అన్నాను.

అమ్మ మిషను చక్రం మీద చేయి పెట్టి ఆపింది. "నాకు తెలీదమ్మే" అంది. "నీ నోరు. నీ ఇష్టం."

డిసెంబరు 7, శనివారం

తీసేశారు. ఒక్కొక్కటే టక్, టక్ అని ఊడింది. నాలుకకు నున్నటి పళ్లు తగిలాయి. ఆస్పత్రి వరండాలోనే నిలబడి స స స స అని పలికాను. నాయన పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. దుమ్మంట.

మధ్యాహ్నం బయటివి వేశారు. ఉక్కు. ఎండలో మెరుస్తాయి.

ఈ డాక్టర్ ఎందుకంత మంచిగా ఉందో అని కూడా ఒక క్షణం అనుకున్నాను. ఈ గుణం ఇప్పట్లో పోదు.

తిరుగు బస్సులో నాయన ముందు సీట్లో నిద్రపోయాడు. మైదుకూరులో ఒక ముసలామె ఎక్కి నా పక్కన కూర్చుంది. పగిడ్యాలలో కూతురి దగ్గరికి పోతోందట. నా మొహంలోకి అట్లాగే చూసింది. ఆ ఫ్లెక్సీ చూసిన నాటి నుంచి ఆ చూపంటే నాకు ఒళ్లు మంట. ఈసారి నోరు మూసుకోలేదు.

"ఏందమ్మే పండ్లకు ఆ కంబీలు?"

"వంకర సర్దడానికి అవ్వా."

"యాడ, సూపీ."

తెరిచి చూపించాను. ఆమె వేలితో పెదవి పక్కకు జరిపి మరీ చూసింది. ఆ వేలికి తమలపాకు వాసన.

"నవ్వితే అన్నీ కనపడతాండాయే!"

"కనపడనీలే."

"పెండ్లయిందా?"

"లేదవ్వా. కుదిరి, పోయింది."

ఆమె అయ్యో అనలేదు. "నొప్పి ఉండాదా?" అంది.

"ఉండాది."

"మరి నవ్వుతాండావే?" అంది, నేనేదో దాస్తున్నట్టు అనుమానంగా చూస్తూ.

చాగలమర్రి దాటేదాకా నవ్వుతూనే ఉన్నాను.